చిట్టి ఈగల పుట్టిళ్ళు



ఇల్లు తుడిచి, అంట్లు తోమి, దీపాలు పెట్టి, కాసేపు కుర్చీలో కూలబడదామనుకునే వేళకు ముఖం చుట్టూ ముసిరే చిట్టి ఈగల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పళ్ళబుట్ట మీది గుడ్డ తీస్తే గుప్పున లేస్తాయి. పూలకుండీకి నీళ్ళు పోస్తే మట్టిలోంచి లేస్తాయి. స్నానాలగది గోడమీద నల్లచుక్కల్లా అతుక్కుని ఉంటాయి. వీటన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు ఒక్కటే, దోమలు. మరీ చిన్నవైతే నుసుములు. పేరు ఒక్కటే గనక మందు కూడా ఒక్కటే. బజారు నుంచి తెచ్చిన డబ్బా నొక్కి, తలుపులు మూసి, పావుగంట బయట కూర్చుంటాం. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ అవే ఈగలు, మళ్ళీ అదే డబ్బా.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఈగల విషయంలో ఈ సామెతను తిరగేసుకోవాలి. ఈగను చూసి దాని ఇల్లు కనిపెట్టాలి. రెక్క ఎలా ఉంది, మీసం ఎలా ఉంది, కాళ్ళు ఎలా ఉన్నాయి అని రెండు నిమిషాలు చూడగలిగితే, అది ఎక్కడ పుట్టి పెరిగిందో తెలిసిపోతుంది. పుట్టిల్లు తెలిస్తే సగం పని అయినట్టే. డబ్బా మందుతో చచ్చేది గాలిలో ఉన్న నాలుగు ఈగలే గానీ, పుట్టింట్లో పెరుగుతున్న నాలుగు వందలు కాదు.

నేను కీటకశాస్త్రం చదువుకున్నదాన్ని కాను. పదో తరగతి పాసై, ఇల్లు చక్కబెట్టుకుంటున్నదాన్ని. అయినా ఈ చూపు పట్టుబడడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. బియ్యంలో మెరిగెలు ఏరే కళ్ళు, తోటకూర కట్టలో పురుగును పట్టే కళ్ళు ఉంటే చాలు. అవి మనందరికీ ఉన్నాయి.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ చిట్టి ఈగలు చాలావరకు అడవి బిడ్డలు. అడవిలో చెట్ల కింద ఆకులు రాలి, తడిసి, కుళ్ళి మెత్తటి పరుపులా ఉంటుంది. దానిమీద బూజు పట్టి, కుక్కగొడుగులు లేస్తాయి. పండిన పళ్ళు రాలి పులుస్తాయి. చెట్ల తొర్రల్లో వాననీళ్ళు నిలుస్తాయి. ఒక్కో చిట్టి ఈగ జాతికి ఇందులో ఒక్కో మూల పుట్టిల్లు. ఇక మన ఇల్లు చూడండి. పూలకుండీలో ఉన్నది ఆ కుళ్ళిన ఆకుల పరుపే. పళ్ళబుట్టలో ఉన్నవి ఆ రాలిన పళ్ళే. నీళ్ళ డ్రమ్ము చెట్టుతొర్రే. స్నానాలగది తూములో జిగట, తొర్ర అడుగున ఉండే జిగటే. మనకు తెలియకుండానే మనం ఇంట్లో ఒక చిన్న అడవిని పెంచుతున్నాం. అందుకే అవి వస్తున్నాయి.

సరే, ఈగను చూడాలంటే ముందు పట్టుకోవాలి గదా. గోడమీద వాలినప్పుడు గాజుగ్లాసు నెమ్మదిగా బోర్లించండి. గోడకూ గ్లాసుకూ మధ్య నుంచి ఒక అట్టముక్క జారవేయండి. అలాగే తీసి ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచండి. చలికి ఈగ మొద్దుబారి కదలకుండా పడి ఉంటుంది. తెల్లకాగితం మీద వేసి భూతద్దంతో చూడండి. భూతద్దం లేకపోతే సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూసినా సరిపోతుంది. ఐదు నిమిషాల్లో అది తేరుకుంటుంది గనక చూడదలచుకున్నది ఒక వరసలో చూడాలి.

మొదట రెక్కలు లెక్కపెట్టండి. సీతాకోకచిలుకకు, తేనెటీగకు నాలుగు రెక్కలుంటాయి. వర్షాకాలంలో దీపం చుట్టూ చేరి, రెక్కలు రాల్చుకుని పాకే ఉసిళ్ళకు కూడా నాలుగే. అవి ఈగలు కావు, చెదలు. ఈగలకు, దోమలకు రెండే రెక్కలు. వెనక రెక్కలు ఉండవలసిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలుంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని హాల్టియర్లు అంటారు. ఇవి పనికిరాని బుడిపెలు కావండోయ్. ఎగిరేటప్పుడు రెక్కలతో పాటు ఇవి కూడా ఆడుతూ, ఒళ్ళు ఏ పక్కకు తిరిగిందో క్షణక్షణం ఈగకు తెలియజేస్తాయి. మనం చెయ్యి విసిరిన ప్రతిసారీ అది చటుక్కున మలుపు తిరిగి తప్పించుకునేది వీటి చలవ వల్లే. రెండు రెక్కలు, రెండు బుడిపెలు ఉన్న ఈ కుటుంబంలో ఇప్పటికి పేర్లు పెట్టినవే లక్షన్నర జాతులకు పైగా ఉన్నాయి. మన ఇంటికి వచ్చేవి అందులో వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే గనక కంగారు పడకండి.

రెండోది మీసాలు. మన పాఠ్యపుస్తకాల్లో స్పర్శశృంగాలు అని రాస్తారు. ఇక్కడే చిట్టి ఈగలన్నీ రెండు జట్లుగా విడిపోతాయి. ఒక జట్టుకు మీసాలు పొడుగ్గా, పూసలు గుచ్చిన దండలా ఉంటాయి. ఇవి దోమల జట్టు. ఇంకో జట్టుకు మీసాలు పొట్టిగా, ముఖానికి అంటుకున్న చిన్న బొడిపెలా ఉండి, దానిమీద ఒకే ఒక వెంట్రుక నిలబడి ఉంటుంది. ఇవి ఈగల జట్టు. మూడోది, వాలినప్పుడు రెక్కలు ఎలా పెట్టుకుంటుంది అన్నది. ఇది ఈగను పట్టుకోకముందే, గోడమీద ఉండగానే చూసుకోవాలి. నాలుగోది రెక్కమీది ఈనెలు. రావి ఆకు ఈనెలు వేరు, అరటాకు ఈనెలు వేరు కదా. అలాగే ఈగల రెక్కమీద ఈనెలు జాతికొక తీరున పరుచుకుని ఉంటాయి. శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్ముకునేది వీటినే.

ఈ నాలుగూ గుర్తుంచుకుని, ఇక వంటింట్లోంచి మొదలుపెడదాం.

పళ్ళబుట్ట దగ్గర లేచే ఈగ నువ్వుగింజంత ఉంటుంది. గోధుమరంగు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. మీసం పొట్టిది. ఆ మీసం మీది వెంట్రుకను భూతద్దంలో చూస్తే చిన్న ఈకలా చీలికలు చీలికలుగా కనిపిస్తుంది. పొట్టమీద నల్లచారలు. పొట్ట కొస సూదిగా ఉంటే ఆడది, గుండ్రంగా నల్లగా ఉంటే మగది. దీని పేరు డ్రోసోఫిలా. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో మారులా అనే అడవిచెట్టు కింద రాలి పులిసిన పళ్ళు దీని తాతముత్తాతల పుట్టిల్లని శాస్త్రజ్ఞులు చెబుతారు. మనిషి పళ్ళు ఇంటికి తెచ్చుకుంటే, ఇది వెనకాలే వచ్చింది. దీనికి పండుకన్న ఆ పులుపులో పెరిగే ఈస్టు అంటేనే ఇష్టం. వేడిగా ఉండే రోజుల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి పది రోజులు చాలు. ఒక్క ఆడ ఈగ కొన్ని వందల గుడ్లు పెడుతుంది.

అంచేత దీని పుట్టిల్లు బుట్ట అడుగున చితికిన అరటిపండు, చెత్తబుట్ట మూలన ఉండిపోయిన తొక్క, అడుగున కాస్త రసం మిగిలిన సీసా, సరిగ్గా ఆరని తుడుపుగుడ్డ. వీటిని వారం పదిరోజులు ఏ పూటకాపూట తీసేస్తే కొత్త తరం ఉండదు. ఉన్నవాటికి ఒక గ్లాసులో మగ్గిన అరటిముక్క వేసి, కాగితాన్ని పొట్లంలా చుట్టి, కొన దగ్గర చిన్న కన్నం ఉంచి గ్లాసు మూతిలో దిగవేయండి. లోపలికి దారి తెలుస్తుంది గానీ బయటికి తెలియదు. అన్నట్టు, ఈ ఈగను మరీ తక్కువ చేయకండి. అమెరికాలో మోర్గన్ అనే శాస్త్రజ్ఞుడు సీసాల్లో అరటిపండు వేసి దీన్నే పెంచాడు. 1910లో ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒక తెల్లకళ్ళ ఈగను చూసి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు క్రోమోజోముల ద్వారా సంక్రమిస్తాయని నిరూపించడం మొదలుపెట్టాడు. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చూడడంలో ఉన్న విలువ అది.

ఇక వరండాలోకి రండి. పూలకుండీల దగ్గర, కిటికీ అద్దం మీద నల్లగా, సన్నగా, పొడుగుకాళ్ళతో తచ్చాడే ఈగ ఒకటుంది. అచ్చం బక్కదోమలా ఉంటుంది గానీ కుట్టదు, దానికి కుట్టే సూది లేదు. మీసాలు పొడుగ్గా పూసలదండలా ఉంటాయి. ఓపిక ఉంటే లెక్కపెట్టండి, పదహారు పూసలు. రెక్కను వెలుతురుకు పెట్టి చూస్తే, నడిమధ్య ఒక ఈనె చివర రెండుగా చీలి పంగలకర్రలా కనిపిస్తుంది. ఆ పంగే దీని గుర్తు. పిల్లల స్కూల్లో మైక్రోస్కోపు ఉంటే ఇంకో వింత చూపించమనండి. దీని రెండు కళ్ళూ మీసాల పైన సన్నటి వంతెనలా కలుసుకుంటాయి. వీటిని సియారిడ్ ఈగలంటారు. వీటి దాయాదులైన అసలు కుక్కగొడుగు ఈగలు అడవిలోనే ఉండిపోయాయి. వాటికి వీపు గూనిలా లేచి ఉంటుంది, కాళ్ళ మొదళ్ళు బాగా పొడుగు, కళ్ళ మీద ఈ వంతెన ఉండదు.

సియారిడ్ ఈగ పుట్టిల్లు ఎప్పుడూ తడిగా ఉండే కుండీమట్టి. సరిగ్గా చివకని ఎరువు, టీపొడి పిప్పి వేసి రోజూ నీళ్ళు పోస్తే, అందులో బూజు పెరుగుతుంది. ఆ బూజును, దాంతోపాటు లేత వేళ్ళను దీని పిల్లపురుగులు తింటాయి. అనుమానం తీరాలంటే ఒక బంగాళాదుంప చక్రం కోసి మట్టిమీద బోర్లించండి. రెండు మూడు రోజులాగి తీసి చూడండి. అద్దంలాంటి తెల్లటి ఒళ్ళు, నిగనిగలాడే నల్లటి తల ఉన్న సన్నటి పురుగులు కనిపిస్తే ఇక సందేహం లేదు. మందు కొట్టనక్కర్లేదు. పైన రెండంగుళాల మట్టి ఎండేదాకా నీళ్ళు ఆపండి. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలవనీయకండి. తులసమ్మకు పోసే చెంబెడు నీళ్ళు మానమని కాదు, మట్టి చూసి పోయమని.

దోమ సంగతి వేరే చెప్పాలా అంటారేమో. చెప్పాలి, ఎందుకంటే దోమలా ఉన్నదల్లా దోమ కాదు. ముఖం ముందు ఒంటి పొడవులో సగం ఉండే సూదిలాంటి తొండం, రెక్కల అంచున, ఈనెల వెంట సన్నటి పొలుసులు ఉంటేనే దోమ. తొండం లేకుండా దీపం చుట్టూ గుంపులుగా మూగేవి కైరోనోమిడ్లు. వాలినప్పుడు దోమ వెనక్కాళ్ళు పైకెత్తుతుంది, ఇవి ముందుకాళ్ళు పైకెత్తుతాయి. ఇవి కుట్టవు. ఇక తొండం ఉండి, నల్లటి కాళ్ళమీద తెల్లటి పట్టీలుంటే మాత్రం జాగ్రత్తపడండి. అది డెంగీ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమ. దీని పూర్వీకులు ఆఫ్రికా అడవుల్లో చెట్టుతొర్రల నీళ్ళలో పుట్టేవి. ఇప్పుడు మన డ్రమ్ముల్లో, కూలర్లలో, పారేసిన టైర్లలో, కొబ్బరిచిప్పల్లో పుడుతోంది. మురుగునీళ్ళకన్న మంచినీళ్ళే దీనికి ఇష్టం. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి గనక వారానికోసారి నీళ్ళు ఒంపేస్తే చాలదు, గోడలు గట్టిగా తోమాలి.

ఇప్పుడు స్నానాలగదికి వద్దాం. నేను ఈ ప్రసంగం ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీనికోసమే.

2024లో గుజరాత్‌లో చాందీపురా జ్వరం పిల్లలకు వస్తోందని, దాన్ని ఇసుక ఈగ మోస్తుందని టీవీలో వార్తలు వచ్చాయి. ఆ వారంలోనే మా పై అంతస్తులో ఉండే అమ్మాయి గ్లాసులో ఒక ఈగను బోర్లించి తీసుకొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "పిన్నిగారూ, టీవీలో చెప్పిన ఈగ ఇదేనా? మా బాత్‌రూం గోడనిండా ఇవే ఉన్నాయి. పిల్లల్ని మా అమ్మవాళ్ళ ఊరు పంపించెయ్యనా?" అని అడిగింది. ఆ అమ్మాయి భయంలో సగం న్యాయముంది. ఎందుకంటే స్నానాలగది ఈగ, ఇసుక ఈగ ఒకే కుటుంబంలో పుట్టిన దాయాదులు. రెండూ సైకోడిడే అనే కుటుంబానివే. రెండింటికీ ఒళ్ళంతా, రెక్కలంతా వెంట్రుకలే. రెండింటికీ పూసల మీసాలే. రెండింటి రెక్కమీదా ఈనెలు దువ్వెనతో దువ్వినట్టు పక్కపక్కనే చివరిదాకా సాగుతాయి. అయినా గుణంలో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

తేడా ఎలా పట్టాలంటారా? వాలినప్పుడు చూడండి. స్నానాలగది ఈగ రెక్కలు వెడల్పు. వాలితే ఆ రెక్కల్ని ఇంటికప్పులా ఒంటిమీద కప్పుకుంటుంది. దూరం నుంచి చూస్తే ఒక బుల్లి తమలపాకును గోడకు అంటించినట్టుంటుంది. పట్టుకుంటే వేలికి బూడిద అంటుతుంది. కాళ్ళు పొట్టి. ఎగరడం కూడా సరిగ్గా చేతకాదు, నాలుగడుగులు ఎగిరి మళ్ళీ గోడకు అతుక్కుంటుంది. ఇసుక ఈగ రెక్కలు సన్నం, బల్లెం మొనల్లా ఉంటాయి. వాలినా రెక్కలు ముడవదు. రెండు చేతులూ ఎత్తి విడదీసినట్టు, ఇంగ్లీషు వి అక్షరంలా పైకి నిలిపి ఉంచుతుంది. ఒళ్ళు సన్నం, లేత ఇసుకరంగు, కాళ్ళు ఒంటికి మించిన పొడుగు. దోమలో మూడోవంతు ఉంటుంది. ఎగరడంకన్న గెంతడం ఎక్కువ. చెవి దగ్గర గుయ్యిమనదు, చప్పుడు లేకుండా వచ్చి కుడుతుంది. కుట్టేది ఆడదే.

ఆ అమ్మాయి తెచ్చిన గ్లాసులో ఉన్నది తమలపాకు ఈగే. అది కుట్టదు, కుట్టడానికి తగిన నోరే దానికి లేదు. దాని పుట్టిల్లు తూము లోపల గొట్టానికి పట్టిన జిగట. పిల్లపురుగులు ఆ జిగటలోనే తిని, అందులోనే పెరుగుతాయి. పైనుంచి ఫినాయిలు పోస్తే జిగట పైపైన తడుస్తుంది తప్ప లోపలి పురుగులకు ఏమీ కాదు. రాత్రి పడుకోబోయే ముందు తూముమీద టేపు ముక్కలు, జిగురువైపు కిందికి ఉండేలా, మధ్యలో గాలి ఆడేటట్టు అంటించండి. పొద్దున్న వాటికి ఈగలు అంటుకుని ఉంటే పుట్టిల్లు అదే. జాలీ తీసి, పొడుగు బ్రష్షుతో గొట్టం గోడలు గోకి, వేడినీళ్ళతో కడగాలి. ఒకరోజు చేసి ఊరుకోకుండా వారం పదిరోజులు చేయాలి. ఆ ఇంట్లో అలాగే చేశారు, ఈగలు తగ్గాయి. పిల్లలు ఏ ఊరూ వెళ్ళలేదు.

మరి ఇసుక ఈగ మాట? దాని సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. చాందీపురా అనేది నాగపూర్ దగ్గర ఒక ఊరు. 1965లో అక్కడి జ్వరరోగుల రక్తంలో మొదటిసారి ఆ వైరస్‌ను కనుక్కున్నారు గనక దానికి ఆ పేరు వచ్చింది. 2003 వేసవి చివర, వానలు మొదలయ్యే రోజుల్లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి, అందులో 183 మంది చనిపోయారు. దానికి ఈ వైరసే ముఖ్య కారణమని పరీక్షల్లో తేలింది. ఆ పిల్లల తల్లుల్లో చాలామందికి ఇలాంటి ఈగ ఒకటి ఉందని కూడా తెలిసి ఉండదు. బీహారు, బెంగాలు ప్రాంతాలను ఎన్నో ఏళ్ళు పీడించిన కాలా అజార్ జ్వరాన్ని మోసింది కూడా ఈ కుటుంబపు ఈగే.

దీని పుట్టిల్లు నీళ్ళు కాదు, పేరు చూసి అనుకునేట్టు ఏటి ఇసుకా కాదు. చీకటిగా, చెమ్మగా, పేడ, ఆకుచెత్త కలిసిన మట్టి. పశువుల కొట్టం మూలలు, మట్టిగోడల పగుళ్ళు, పాత ఇటుకల కుప్పలు, ఎలకబొరియలు. పట్నంలో ఉన్నవాళ్ళం, మనకెందుకు అనుకోకండి. సెలవులకు పిల్లల్ని పంపేది పల్లెకే గదా. ఊరి చివర కొత్తగా కట్టుకున్న ఇళ్ళ పక్కనే పశువుల పాకలుంటాయి. ఇది నేలకు దగ్గరగా ఎగురుతుంది, ఎక్కువ దూరం పోలేదు. అంచేత గోడల పగుళ్ళు మెత్తించడం, పేడకుప్పను ఇంటికి దూరంగా పెట్టడం, పిల్లల్ని కటిక నేలమీద పడుకోబెట్టకుండా మంచంమీద పడుకోబెట్టడం ఉపయోగపడతాయి. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇది దూరిపోగలదు గనక సన్నకన్నాల తెర కొనాలి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళంతా కప్పే బట్టలు వేయాలి.

ఒక్క మాట మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. వానాకాలంలో పిల్లవాడికి ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం వచ్చి, వాంతులై, ఫిట్స్ వచ్చినా, మగతగా పడిపోతున్నా ఈగ ఏదని వెతుకుతూ కూర్చోవద్దు, తెల్లారనిద్దాం అనుకోవద్దు. తక్షణం పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఈ జ్వరం గంటల్లో ముదురుతుంది. దీనికంటూ ప్రత్యేకమైన మందు, టీకా లేవు. సమయానికి జరిగే చికిత్సే బిడ్డను నిలబెడుతుంది.

ఇంకొక ఈగ మిగిలింది. ఎగరడం మానేసి గోడమీద, బల్లమీద గబగబా పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తే గూనిఈగ. మీసం పొట్టి. రెక్క ముందు అంచున రెండు మూడు ఈనెలు లావుగా ఉంటాయి, మిగతావి వెంట్రుకల్లా సన్నగా, కొమ్మలు లేకుండా ఉంటాయి. దీన్ని ఫోరిడ్ అంటారు. ఇది పుట్టేది బాగా కుళ్ళినదాంట్లో. ఇల్లంతా శుభ్రంగా ఉన్నా ఇది రోజూ కనిపిస్తోందంటే చచ్చిన ఎలకో, నేల కింద పగిలిన మురుగుగొట్టమో ఉందేమో వెతికించండి. ప్లంబర్ కంటే ముందే పగులు సంగతి చెప్పే ఈగ ఇది.

ఇన్ని చెప్పాక, ఈ జాతినంతా తుడిచిపెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. అలా అనకండి. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల నీడన కోకో పండిస్తున్నారు. పిల్లలు ఇష్టంగా తినే చాక్లెట్‌కు మూలం ఆ కాయలే. కోకో పువ్వు చిన్నది, దాని కట్టడి చిక్కైనది. తేనెటీగ అందులో దూరలేదు. ఆవగింజంత ఉండే చిట్టి ఈగలే దూరి పుప్పొడి మోస్తాయి. ఆ ఈగలు పుట్టేది చెట్ల కింద కుళ్ళే ఆకుల్లో, కోకో తొక్కల్లో. తోట కింద అద్దంలా ఊడ్చేస్తే కాయ తగ్గుతుంది. వీటి దగ్గరి చుట్టాలే, రెక్కలమీద మచ్చలున్నవి, గొర్రెలకు నీలినాలుక రోగం అంటిస్తాయి. అంటే ఇక్కడ కూడా చూసి తెలుసుకోవలసిందే. మంచిదీ చెడ్డదీ ఒకే కుటుంబంలో ఉంటాయి, మనుషుల్లో లేరూ!

కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి, మరోసారి చెబుతాను. ఎర్రకళ్ళు, ఈకలాంటి మీసం ఉంటే పళ్ళబుట్ట చూడండి. నల్లటి ఒళ్ళు, రెక్కలో పంగ ఉంటే కుండీమట్టి చూడండి. తొండం, కాళ్ళకు తెల్లపట్టీలు ఉంటే నీళ్ళతొట్టి చూడండి. తమలపాకులా వాలితే తూము చూడండి. గూనితో పరుగెడితే మురుగుగొట్టం చూడండి. రెక్కలు పైకెత్తి వాలితే గోడల పగుళ్ళు చూడండి, అన్నిటికన్న ముందు పిల్లల పక్కలు చూడండి.

ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పండి. గ్లాసు, అట్టముక్క, భూతద్దం ఇచ్చి, మొదట రెక్కలు లెక్కపెట్టమనండి. మీరు పొయ్యి దగ్గర ఉండగానే "అమ్మా, దీనికి రెండే రెక్కలు, రెండు బుడిపెలు!" అని కేక వినిపిస్తుంది. మిగతా మూడు ప్రశ్నలూ మీరు అడగండి.